మా ఇంట్లో దొంగలు పడ్డాక: మే నుంచి జనవరి దాకా

2025 మే 10, శనివారం రాత్రి మా ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ రాత్రి మేమంతా రాజమండ్రిలో మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో ఉన్నాం. మాది గుంటూరు. ఊరి అంచున, మొన్నమొన్నటిదాకా మిర్చి పండిన పొలాల్లో వేసిన కాలనీ. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ స్థలాలు, వాటి నిండా చిల్లచెట్లు. ఈ ఎనిమిది నెలల్లో చుట్టాలు, తోటి ఉద్యోగులు, ఎవరింట్లోనో దొంగతనం జరిగిన ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా ఫోన్ చేసి "మీకు బంగారం ఎలా దొరికిందండీ?" అని అడుగుతున్నారు. ఫోన్లో చెబితే సగమే చెప్పగలను. అందుకే రాస్తున్నా.

ఆదివారం పొద్దున ఆరున్నరకి మా పనమ్మాయి ఫోన్. మొక్కలకి నీళ్లు పోయడానికి వచ్చింది. "అక్కా, మీరు వచ్చేశారా? తలుపు తాళం కింద పడుంది, లోపల లైటు వెలుగుతోంది" అంది. లోపలికి వెళ్లొద్దని చెప్పి 112కి ఫోన్ చేశాను. నేను మాట్లాడుతున్నది రాజమండ్రి నుంచి, ఇల్లేమో గుంటూరులో. ఆ మాట ముందే చెప్పకపోతే వాళ్లు రాజమండ్రి పోలీసుల్ని పంపే ప్రయత్నం చేస్తారు. రెండుసార్లు అడ్రసు చెప్పించుకుని గుంటూరు వాళ్లకి అందించారు. మేం కారులో బయలుదేరి ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. దారిపొడుగునా మా అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. వేలు మడుస్తూ ఏవో లెక్కలు వేసుకుంటోంది. ఏ నగ ఎక్కడ పెట్టిందో, ఏది పెళ్లికి పెట్టుకొచ్చిందో గుర్తు చేసుకుంటోందని తర్వాత తెలిసింది.

మా వైపు గస్తీ తిరిగే బీట్ కానిస్టేబుల్, ఎస్సైగారు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ వచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దన్నారు. అంటే మా ఇంట్లో మేమే వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. గంటన్నర కూర్చున్నాం. మా పాపకి బాత్రూమ్ అవసరమైతే పక్కింటికి తీసుకెళ్లాను. లోపల బీరువా తలుపు ఒక పక్కకి వంగిపోయి ఉంది. చీరలన్నీ మంచం మీద కుప్ప. దొంగలు ఫ్రిజ్ తీసి మజ్జిగ తాగారు. తాగిన స్టీలు గ్లాసుని సింకులో పెట్టి మరీ వెళ్లారు. పోయిన బంగారం కంటే ఆ గ్లాసే నన్ను ఎక్కువ వణికించింది. వాళ్లకి ఎంత తీరిక దొరికిందో దాంతో తెలిసిపోయింది.

డాగ్ స్క్వాడ్ కుక్క వెనక తలుపు నుంచి ఖాళీ స్థలాల మీదుగా డొంకరోడ్డు దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కడ బండి ఎక్కి ఉంటారన్నారు. వేలిముద్రల వాళ్లు బీరువా అద్దం మీద, తలుపుల మీద పొడి చల్లి ముద్రలు తీశారు. గ్లాసుని కవర్లో వేసుకున్నారు. మా అందరి వేలిముద్రలు కూడా తీసుకున్నారు. ఇంట్లో వాళ్లవి ముందు తీసేస్తేనే బయటివాళ్లవి తేలతాయట. ఆ పొడి సంగతి ఎవరూ చెప్పరు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా అంటుకుంటుంది. ముందు పొడి బ్రష్షుతో దులిపి ఆ తర్వాతే తుడవాలి. మా బీరువా మీద మరక ఇప్పటికీ ఉంది.

మధ్యవర్తులుగా ఇద్దర్ని కూర్చోబెట్టి పంచనామా రాశారు. సాయంత్రం ఆరుకి ఫిర్యాదు రాయడానికి స్టేషన్‌కి వెళ్లాం. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. తర్వాత ఆరు నెలలు జరిగిన ప్రతి పనికీ మూలం ఆ రాత్రి రాసిన ఆ ఒక్క కాగితమే.

పోయినవి: నా నల్లపూసల గొలుసు 24 గ్రాములు, నాలుగు గాజులు కలిపి 40, మా అత్తయ్య పలకసర్లు మూడు కాసులు అంటే 24, పాప గొలుసు 8, నా జూకాలు 8. మొత్తం 104 గ్రాములు. పండగలకి తీసే వెండి పళ్లెం, రెండు గ్లాసులు, 38 వేల నగదు, పాప డబ్బులు దాచుకున్న డబ్బా అదనం. నల్లపూసలకీ పాప గొలుసుకీ బిల్లులున్నాయి. గాజులు నా పెళ్లికి మా నాన్నగారు చేయించినవి, బిల్లు ఎక్కడిది? పలకసర్లు మా అత్తయ్యకి వాళ్ల అమ్మ ఇచ్చినవి.

స్టేషన్లో కాగితాలు రాసే రైటరుగారు మర్యాదస్తుడే. కానీ రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆయనా అలిసిపోయారు. "బిల్లులున్నవి వివరంగా పెడదాం, మిగతావి 'కొన్ని పాత బంగారు వస్తువులు' అని రాద్దామమ్మా" అన్నారు. మా ఆయన సరేనని తలూపారు. మా అత్తయ్య ఊరుకోలేదు. "ఒకో గాజుకి లోపలి వైపు రెండక్షరాల ముద్ర ఉంటుంది బాబూ, ఒకదానికి నొక్కు ఉంది. పలకసర్లలో ఒక పలక అతుకు పెట్టించాం. రాయండి" అని ఒక్కొక్కటే చెప్పింది. ఆయన రాశారు. నా ఫోన్లో ఉన్న పెళ్లిళ్ల ఫొటోల్లోంచి ఆ నగలు కనబడేవి ఏరి ప్రింట్లు తీయించి మర్నాడు ఇచ్చాం. ఆ వారం గ్రాము ధర తొమ్మిది వేలకు అటూ ఇటూగా ఉంది. ఆ లెక్కన బంగారమే తొమ్మిది లక్షలు దాటాలి. పాత నగలని తగ్గించి, వెండీ నగదూ అన్నీ కలిపి ఏడు లక్షలని రాశారు. విలువ దగ్గర నేను పట్టుబట్టలేదు. గ్రాములు సరిగా ఉంటే చాలనుకున్నాను.

భారతీయ న్యాయ సంహితలో 331(4), 305 సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ అయింది. మొదటిది రాత్రిపూట దొంగతనానికి ఇంట్లోకి చొరబడినందుకు, రెండోది ఇంట్లో దొంగతనానికి. పాత ఐపీసీ రోజుల్లో 457, 380 అనేవాళ్లు, స్టేషన్లో ఇప్పటికీ నోటికి అవే వస్తాయి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. వెనక తలుపుకి గొళ్లెం లేదు. డైనింగ్ టేబుల్ అడ్డం పెట్టి పడుకున్నాం. పడుకున్నాం అని అనడమే గానీ, కన్ను మూతపడింది పాపకి ఒక్కదానికే.

ఇక పనమ్మాయి సంగతి. ఇది రాయకుండా మిగతాదంతా రాస్తే అబద్ధమే అవుతుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు "ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అని అడుగుతారు. లేదన్నాను. మా ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం ఎస్సైగారికి కనబడింది. "మీరు ఊరెళ్తున్నట్టు ఎవరెవరికి తెలుసు?" అన్నారు. పాలవాడికి, పేపరబ్బాయికి, పనమ్మాయికి, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉన్న డెబ్బై మందికి. కానీ ఎవరింట్లో దొంగతనం జరిగినా మొదట వినబడేది పనివాళ్ల పేరే. మర్నాడు ఆమెని, వాళ్లాయన్ని స్టేషన్‌కి రమ్మని కబురు వచ్చింది. ఆమె మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి, "నేను ఫోన్ చేయకపోతే మీకు తెలిసేది కూడా కాదు కదక్కా" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నాతో చదువుకున్న ఒక స్నేహితురాలు లాయరు. ఆమెకి ఫోన్ చేస్తే, సాక్షిగా వివరాలు అడగాలంటే ఆడవాళ్లని స్టేషన్‌కి పిలిపించకూడదని, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలని కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్ చెబుతోందని, పాత చట్టంలో కూడా ఆ మాట ఉందని చెప్పింది. ఆ మాటే ఎస్సైగారితో మర్యాదగా అన్నాను. ఆయన కాదనలేదు. వార్డు సచివాలయం మహిళా పోలీసుని తీసుకుని మా ఇంటికే వచ్చి, మా వరండాలో కూర్చుని అడిగారు. పావుగంట కూడా పట్టలేదు. పనమ్మాయి వేలిముద్రలు, వాళ్లాయనవి తీసుకున్నారు.

చట్టం అంతవరకే కాపాడగలిగింది. ఆ వారంలోనే ఆమె పనిచేసే ఇంకో రెండిళ్ల వాళ్లు "కొన్నాళ్లు రావద్దులే" అన్నారు. నెలకి నాలుగున్నర వేల రాబడి పోయింది. మా సొత్తు జాబితాలో గ్రాములతో సహా అన్నీ ఉన్నాయి గానీ ఆ నాలుగున్నర వేలు ఏ కాగితంలోనూ లేవు. మా ఆయనతో ఆ రోజుల్లో నాకు జరిగినంత గొడవ పెళ్లయ్యాక ఎప్పుడూ జరగలేదు.

మే నెలాఖరు నుంచి జూన్ సగం దాకా ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ఫోన్ చేస్తే "చూస్తున్నామమ్మా" అనేవాళ్లు. వీధి మొదట్లో కిరాణా కొట్టుకి ఒక కెమెరా ఉంది. అందులో రాత్రి రెండింటికి ఒక ఆటో వెళ్లినట్టు కనబడింది, నంబరు మాత్రం తెలియలేదు. ఆ కెమెరాలో వారం రికార్డింగే నిలుస్తుంది. వందమందికి పైగా గుమిగూడే చోట్లలో కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు గానీ, కిరాణా కొట్టుకి అది వర్తించదు. మొదటి రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోబట్టి అదైనా మిగిలింది.

ఆ రోజుల్లో ఇంట్లో భయం ఎలా ఉండేదో చెప్పాలి. మా అత్తయ్య రాత్రి పడుకునే ముందు వెనక తలుపుకి ఆనించి స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్చేది. అర్ధరాత్రి పిల్లి తగిలి అవి పడితే అందరం లేచి హాల్లో నిలబడేవాళ్లం. పాప స్కూల్ బ్యాగు మార్చమని గొడవ చేసింది. దొంగలు దాన్ని కూడా దులిపి చూశారు, ఇక అది తనకొద్దంది. బోరు మోటారు చప్పుడు ఆగినా నాకు గుండె దడ. గ్రిల్ తలుపు పెట్టించాం, 22 వేలు. వెనక గుమ్మం మార్చడానికి తొమ్మిది వేలు. సెంటర్ లాక్ ఉన్న కొత్త తాళాలు మూడు వేల చిల్లర. వడ్రంగి "మీ వీధిలో ఈ నెల నాకు ఇది మూడో గొళ్లెం" అన్నాడు. మూడోదా? మాకు తెలిసింది మాదొక్కటే.

అడిగితే తేలింది. కొత్తగా కడుతున్న ఒక ఇంట్లో బోరు మోటారు, రాగి వైరు పోయాయి. ఇంకో ఇంట్లో గ్యాస్ సిలిండర్లు పోయాయి. ఇద్దరూ ఫిర్యాదు ఇవ్వలేదు. "పన్నెండు వేల మోటారు కోసం ఎన్నిసార్లు తిరగాలి?" అన్నాడు ఆ ఇల్లు కట్టిస్తున్నాయన. ఆయన మాట తప్పని అనలేను. కానీ ఆ రెండూ కాగితం ఎక్కి ఉంటే మా వీధికి రాత్రి బీట్ ముందే పెరిగేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎందుకంటే మా ఎఫ్ఐఆర్ అయ్యాకే బీట్ పుస్తకంలో మా వీధి మలుపు చేరింది.

జూన్ 16 సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లాను. పొద్దున తొమ్మిదికి వెళితే పదకొండున్నరకి నా వంతు వచ్చింది. అర్జీ అక్కడే టైపు చేస్తారు, డబ్బులేమీ తీసుకోరు. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ ఉంటే చాలు. రసీదు ఇచ్చారు, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. మూడు నిమిషాలు మాట్లాడి ఉంటాను. ఆ మూడు నిమిషాల ఫలితం వారం లోపే కనబడింది. సీసీఎస్, అంటే సొత్తు నేరాలు చూసే ప్రత్యేక విభాగం నుంచి ఒక హెడ్ కానిస్టేబుల్ ఇంటికొచ్చి నగల ఫొటోలు మళ్లీ తీసుకున్నారు. బాధితులకి 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పాలని కొత్త చట్టంలో ఉందని ఆయనే చెప్పారు. అర్జీ పెట్టినందుకు స్టేషన్లో ఎవరైనా కోపం పెట్టుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. అలాంటిదేమీ జరగలేదు.

జూలై 9న ఫోన్. పక్క జిల్లాలో నలుగురు దొరికారు. అక్కడ ఇంకో ఇంట్లో దొంగతనం చేస్తూ పట్టుబడ్డారు. మా బీరువా అద్దం మీద దొరికిన వేలిముద్ర వాళ్లలో ఒకడితో సరిపోయింది. మర్నాడు టీవీలో ప్రెస్‌మీట్ చూశాం. టేబుల్ మీద గుడ్డ పరిచి నగలు పేర్చారు. మా అత్తయ్య టీవీకి అడుగు దూరంలో నిలబడి, "అదిగో నొక్కు గాజు" అంది. టీవీలో నొక్కేం కనబడుతుంది? కానీ అది మాదే.

ఆ నలుగురిదీ మా ఊరు కాదు, మా జిల్లానే కాదు. మా పనమ్మాయిని రావద్దన్న రెండిళ్ల వాళ్లూ ఆ సాయంత్రమే ఆమెకి ఫోన్ చేశారు. ఒకింటికి వెళ్లింది. ఇంకో ఇంటికి వెళ్లలేదు. మా ఆయన ఆమెకి క్షమాపణ చెప్పలేదు, జీతం మాత్రం పెంచుదామన్నారు. పెంచాం.

దొంగ దొరికాడంటే బంగారం ఇంటికొచ్చినట్టే అనుకుంటారు చాలామంది. అసలు తిరుగుడు అక్కడే మొదలు. వాళ్లు పట్టుబడింది పక్క జిల్లా కేసులో. మా కేసులో వాళ్లని చూపించాలంటే మా స్టేషన్ వాళ్లు పీటీ వారెంటు తీసుకుని అక్కడి జైలు నుంచి మా కోర్టుకి తీసుకురావాలి. అది జూలై చివర్లో అయింది. నగలు అక్కడి కోర్టు నుంచి మా కోర్టుకి చేరాలి. అది సెప్టెంబరు మధ్యకి గానీ కాలేదు. మధ్యలో ఒకరోజు గుర్తించడానికి పిలిచారు. అలాంటివే ఇంకొన్ని గాజుల మధ్య మావి కలిపి పెట్టి చూపించమన్నారు. మా అత్తయ్య కళ్లజోడు కూడా సర్దుకోకుండా వేలితో తడిమి చూపించింది. ఫిర్యాదులో నొక్కు, ముద్ర, అతుకు రాయించి ఉండటం వల్ల ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. మాతోపాటు వచ్చిన ఇంకొకాయన ఫిర్యాదులో "బంగారు గాజులు ఆరు" అని మాత్రమే ఉంది. ఆయన్ని బిల్లు తెమ్మన్నారు. ఆయన సంగతి ఇంకా తేలలేదని విన్నాను.

దొరికింది 64 గ్రాములు, అంటే నల్లపూసలు, నాలుగు గాజులు. పాప గొలుసు, జూకాలు, వెండి, నగదు లేవు. పలకసర్లని కరిగించేశారు. నాలుగైదు కేసుల బంగారం కలిపి ఒక ముద్ద చేశారు. ఆ ముద్ద పోలీసుల దగ్గరుంది, అందులో మా 24 గ్రాములు ఎన్నో ఎవరూ చెప్పలేరు. కేసు ముగిసేటప్పుడు కోర్టు తేల్చాలట. ఆ మాట అత్తయ్యకి నేనే చెప్పాను. "కరిగించారా" అని ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత ఆ నగ ఊసు ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తడం లేదు.

కోర్టు నుంచి నగలు మధ్యంతరంగా, అంటే కేసు ముగిసేలోపే, తీసుకోవడానికి పిటిషన్ వేయాలి. నా స్నేహితురాలిది విజయవాడ, అందుకని ఇక్కడి లాయరుగారిని పెట్టుకున్నాం. ఫీజు పది వేలు. ఎఫ్ఐఆర్ కాపీ, ఫొటోలు, ఉన్న బిల్లులు, నా ఆధార్, ఒక అఫిడవిట్. ఇలాంటి సొత్తుని ఏళ్ల తరబడి స్టేషన్లలో, కోర్టుల్లో ఉంచకుండా ఫొటోలు తీసి, బాండు రాయించుకుని త్వరగా యజమానికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. మా లాయరుగారు ఆ తీర్పు కాగితం ప్రతి పిటిషన్‌కీ జత చేస్తారట. సెప్టెంబరు 19న వేశాం. పోలీసుల రిపోర్టు రావాలి, ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం లేదనాలి. దసరా సెలవులు అడ్డమొచ్చాయి. అక్టోబరు 28న వాయిదా ఉంటే ఆ రోజే మొంథా తుఫాను. ఎవరూ కోర్టుకి రాలేదు. నవంబరు 7న ఆర్డరు వచ్చింది.

ఆర్డరు వచ్చాక ఇద్దరు జామీనుదార్లు కావాలి. వాళ్ల పేరున ఆస్తి ఉండాలి, ఇంటి పన్ను రసీదు చూపించాలి. మా తోడికోడలు వాళ్లాయన ఒకరు, మా కాలనీ ప్రెసిడెంటుగారు ఒకరు. బంగారం తిరిగి తీసుకోవడానికి జామీను ఎందుకని ప్రెసిడెంటుగారు చిరాకుపడ్డారు గానీ వచ్చారు. కోర్టులో ప్రాపర్టీ చూసే గుమాస్తా తూకం వేయించి, ప్రతి నగనీ ఫొటో తీయించి, నా సంతకం తీసుకుని నవంబరు 18న చేతిలో పెట్టారు. బాండు పేపర్లు, ఫొటోలు, నోటరీ, జామీనుదార్ల రాకపోకలు, భోజనాలు కలిపి మరో నాలుగు వేలయింది. ఆ నగల్ని అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, రూపం మార్చకూడదు. విచారణలో పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి.

ఈ లోపు ఆగస్టులో కాలనీ మీటింగ్ పెట్టుకున్నాం. సచివాలయం మహిళా పోలీసు వచ్చింది, ఎస్సైగారు కూడా పావుగంట ఉన్నారు. ఆరు కెమెరాలు, రికార్డరు, బ్యాటరీ బ్యాకప్ కలిపి ఇంటికి 3,200 చొప్పున పడింది. డబ్బు కంటే పెద్ద గొడవ కెమెరా ఏ ఇంటి వైపు చూడాలనే దాని మీద. ఒకాయన తన గుమ్మం కనబడకూడదంటాడు, పక్కాయన తన కారు కనబడాలంటాడు. కరెంటు ఎవరి మీటరు నుంచి తీయాలన్నది ఇంకో తగువు. చివరికి ప్రెసిడెంటుగారి మీటరు, నెలకి ఆయనకి రెండొందలు. ఖాళీ స్థలాల యజమానులకి ఫోన్లు చేసి చిల్లచెట్లు కొట్టించాం. అది కెమెరాల కంటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. తుఫాను రాత్రి కరెంటు పోయి బ్యాటరీ కూడా దిగిపోయాక కెమెరాలు ఆగిపోయాయి, వీధి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి కనబడుతూనే ఉంది.

డిసెంబరు చివర్లో పేపర్లలో ప్రతి జిల్లాదీ ఏడాది నేరాల లెక్క వస్తుంది. ఎప్పుడూ తిప్పేసే పేజీ, ఈసారి కూర్చుని చదివాను. చదివేకొద్దీ మా కేసు ఆ అంకెల్లో ఎక్కడుంటుందా అని ఆలోచన. నేరాల రేటు అంటే లక్ష మంది జనాభాకి ఎన్ని కేసులు అని. కానీ చివరి జనగణన 2011ది, కాబట్టి ఆ లక్ష కూడా అంచనాయే. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. అంతకు ముందు గుంటూరు అంకెతో ఇప్పటిది పోల్చి "తగ్గింది" అనుకుంటే నవ్వాలి. గొలుసు లాక్కెళ్లడానికి 2024 జూలై నుంచి విడిగా 304 సెక్షన్ వచ్చింది. అంతకు ముందు అది దొంగతనంలోనో దోపిడీలోనో కలిసేది. మా ఎఫ్ఐఆర్‌లో సెక్షన్లు రెండున్నా జాతీయ నేర గణాంకాల్లో ఒక్క నేరమే, ఎక్కువ శిక్ష ఉన్నదాని కిందే లెక్క. బోరు మోటారు, సిలిండర్లు ఏ లెక్కలోనూ లేవు.

ఇంకో తమాషా. మా ఎఫ్ఐఆర్‌లో పోయిన సొత్తు ఏడు లక్షలు. దొరికింది 64 గ్రాములే అయినా, నవంబరులో గ్రాము పదకొండు వేలు దాటింది కాబట్టి దాని విలువే ఏడు లక్షలు పైన. నేనే కాగితం మీద వేసి చూసుకున్నాను. ఆ లెక్క ప్రకారం మాకు అంతా వచ్చేసినట్టే. మా అత్తయ్యని అడగండి చెబుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ పెట్టించుకున్నాం. తాళం వేసిన ఇంటికి ఉచితంగా కెమెరా పెట్టి, ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలిసేలా చేసే ఏర్పాటు. యాప్‌లో నమోదు చేసుకుంటే బయలుదేరే రోజు కానిస్టేబుల్ వచ్చి హాల్లో అమర్చారు. మెయిన్ ఆఫ్ చేయకూడదు, ఫ్యాను వేసి వదలకూడదు, కర్టెన్ కట్టేయాలి. రెండో రాత్రి ఒంటిగంటకి ఫోన్, "మేడమ్, కదలిక వచ్చింది, మీ ఇంటి ముందున్నాం" అని. నాకు మే నెల మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. బల్లి. కెమెరా అద్దం మీద నుంచి పాకింది. ఆ కుర్రాడు విసుక్కోకుండా ఇల్లంతా చుట్టి వచ్చి తాళాలు లాగి చూసి మళ్లీ ఫోన్ చేశాడు. పండక్కి అరిసెలు తెచ్చి ఇస్తే వద్దంటూనే రెండు తీసుకున్నాడు.

ఇప్పుడు కేసు ఎక్కడుందంటే, ఛార్జిషీటు వేశారు, సమన్లు రావాలి. నలుగురిలో ఇద్దరు బెయిలు మీద బయటే ఉన్నారట. నన్నూ అత్తయ్యనూ సాక్షులుగా పిలుస్తారు. ఎప్పుడన్నది లాయరుగారు కూడా చెప్పలేకపోతున్నారు. నల్లపూసల గొలుసుకి కొక్కెం విరిగి వచ్చింది. మార్పించుకోవచ్చా అని అడిగితే, "ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండాలమ్మా. కొక్కెం మార్చాలన్నా కోర్టులో మెమో వేసి అనుమతి తీసుకోవాలి" అన్నారు. మెమోకి ఎంతవుతుందని అడిగాను. కొక్కెం ఖరీదుకి మూడింతలు చెప్పారు.